అమ్మ గదికి

ఫిబ్రవరి 9

కండె అనబడే మా ఆడపడుచుకి,

నిన్న ఫోన్‌లో నువ్వన్నది నాకు ఒక్క ముక్క వినపడలేదు. నేనన్నది నీకూ వినపడలేదని నీ ‘ఆ? ఆ?’లను బట్టి తెలిసింది. ఇక్కడ మా పక్కింటివాళ్ళకీ, అక్కడ మీ పక్కింటివాళ్ళకీ మాత్రం మన సంగతులన్నీ తెలిసిపోయాయి. మనిద్దరి చెవులూ నేత మిల్లు మోత ఎప్పుడో తినేసింది. వీడియోలో చూసుకుందామా అంటే బొమ్మ ముందు కదులుతుంది, పెదవులు తీరిగ్గా తర్వాత కదులుతాయి. ఇక ఉత్తరాలే రాసుకుందాం. ఉత్తరంలో నేనెంత గట్టిగా అరిచినా ఎవరికీ ఇబ్బంది లేదు.

సంగతేమిటంటే, మన మిల్లు క్వార్టర్ల లైన్లకి టూరిస్టులు వస్తున్నారు. నవ్వకు. మిల్లు మూతపడ్డాక సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి కదా, పొగగొట్టం మీద రావి మొక్క మొలిచింది కదా, అవన్నీ చూడ్డానికే వస్తున్నారు. దీనికంతా కారణం మన టీచరమ్మ. అదే, మూడో లైన్లో పడుగులు చుట్టే మేస్త్రి కూతురు. లైన్లవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒక కమిటీ వేసింది. ఆదివారం పూట ఒక గుంపు గేటు దగ్గర మొదలుపెట్టి, లైన్లన్నీ తిరిగి, నేత షెడ్డులో ముగిస్తుంది. చూపించేది బయటివాళ్ళు కాదు, మనమే. బాయిలరు తాత పొగగొట్టం గురించి చెప్తాడు. ఆయన మొదలుపెట్టడమే తప్ప ఆపడం ఉండదు కాబట్టి టీచరమ్మ పక్కనే నిలబడి చొక్కా లాగుతూ ఉంటుంది. క్యాంటీన్ అక్క మళ్ళీ గ్లాసులు బయటికి తీసి టీ పోస్తోంది. మీ అన్నయ్య రెండు మగ్గాలకి ప్రాణం పోశారు. ఆ రోజునుంచీ ఆయన కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

నా పనేమిటో తెలుసా? మన పెదవుల మాట చూపించడం. ఆ మోతలో గొంతు దండగని పెదవులు కదిపి, చేతులు తిప్పి మాట్లాడుకునేవాళ్ళం కదా, అదట అందరికీ వింత. కానీ ఎదుటి మగ్గం దగ్గర మనిషి లేదు. టీచరమ్మని నిలబెట్టాను. ఆ పిల్లకి పెదవి కదిపితే గొంతు కూడా వచ్చేస్తుంది. మేలో పెద్ద నడక పెట్టారు, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారట. నువ్వు రావాలి. ఆ మగ్గం నీది.

ఒక్కటే చిరాకు. ఈ నడకల పేరు విని ఎవరో హోటల్ వాళ్ళు ఇళ్ళు కొంటామని తిరుగుతున్నారు. ఐదో లైన్లో కొన్ని ఇళ్ళు అప్పుడే చేతులు మారాయి. అమ్మొద్దని కమిటీ అందరినీ బతిమాలుతోంది.

మీ ఆయన, అదే మా అన్నయ్యగారి ఆరోగ్యం రాయి. నీ కొట్లో కుట్టు మిషన్ల సంగతీ రాయి.

గొంతు చించుకుని పిలుస్తున్న,
వదిన

ఫిబ్రవరి 20

వదినా,

మన మురికి లైన్లు చూడ్డానికి టికెట్టు కొనేవాళ్ళు ఉన్నారా? మా ఆయనకి చదివి వినిపిస్తే, “నేను ఉచితంగానే చూశాను, పెళ్ళి కూడా చేసి పంపించారు” అన్నాడు.

నువ్వు చెప్పిన పని మాత్రం నవ్వులాటగా అనిపించలేదు. కొట్లో మిషన్లన్నీ ఒకేసారి ఆడినప్పుడు నేను ఇప్పటికీ పెదవులతోనే మాట్లాడతాను. ఆడపిల్లలు బిక్కమొహం వేసుకుని చూస్తారు. నేను మాట్లాడేశాననుకుంటాను, వాళ్ళు నేను నములుతున్నాననుకుంటారు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉన్నా నా మాట అర్థమయ్యే మనిషి ఒక్కరూ దొరకలేదు.

వస్తానో రానో అప్పుడే చెప్పలేను. పనులు ఉన్నాయి, నడుం నొప్పి ఉంది. కానీ ఒక మాట, నీతో కాబట్టి చెప్తున్నాను. అక్కడికి రావాలనిపించేది మగ్గం కోసం కాదు. అమ్మ గది కోసం. వీధివైపు ఆ చిన్న కిటికీ, పొద్దున్నే గోడ మీద పడే ఎండ, అమ్మ దుప్పట్లు మడిచి పెట్టే ఆ చెక్క బల్ల. “నువ్వు ఎప్పుడొచ్చినా ఈ గది నీదే, ఎవరూ కాదనరు” అని అమ్మ పోయేముందు అంది, నీ ఎదురుగానే అంది. ఇక్కడ అద్దె ఇంట్లో ఎంత బాగా ఉన్నా, నాకంటూ ఒక చోటు ఉందన్న ధైర్యం ఆ గది వల్లే. ఆ గది ఉన్నంతకాలం నేను ఎక్కడికో వెళ్ళిపోయిన మనిషిని కాను, ఊరెళ్ళిన మనిషిని.

సరే, పెద్ద పెద్ద మాటలు రాసేశాను. అన్నయ్యని మగ్గం దగ్గర కళ్ళజోడు పెట్టుకోమను.

నీ నోటికి సరిజోడు,
కండె

మార్చి 3

కండెమ్మకి,

తొందరలో రాస్తున్నాను, కమిటీ వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

నువ్వు రాసింది మీ అన్నయ్యకి చదివి వినిపించాను. అంటే, ఎదురుగా కూర్చుని పెదవులతో చదివాను. తర్వాత ఇంటి సంగతి ఒకటి అనుకున్నాం. అది ఉత్తరంలో రాసేది కాదు, కండెని ఎదురుగా కూర్చోబెట్టుకునే అడగాలి అన్నారు. కాబట్టి రాయను. నా నోట్లో మాట ఆగదని నీకు తెలుసు, ఈ కాగితం మీద ఎంత బిగపట్టుకుని కూర్చున్నానో ఊహించుకో.

మన మిల్లు టైంకీపరుగారు వాళ్ళ కూతుర్ని చూడ్డానికి మీ ఊరు వస్తున్నారు. ఆయన చేతికి షెడ్డులో మొదటిసారి నేసిన తువ్వాలు పంపిస్తున్నాను. అంచు కొంచెం వంకర. మీ అన్నయ్యతో ఆ మాట అనకు.

బిగపట్టుకున్న,
వదిన

మార్చి 15

వదినగారికి,

మీరు పంపిన తువ్వాలు అందింది. టైంకీపరుగారు క్షేమంగా వచ్చి వెళ్ళారు. ఇంటి సంగతి కూడా ఆయనే చెప్పారు. అన్నయ్య తన నోటితో చెప్పాడట కదా. మనుషులు వచ్చి చూసుకుపోతున్నారట.

నాకు చెప్పాలని మీకెవరికీ అనిపించలేదు. ఊరి వాళ్ళ నోటి మీదుగా తెలిసింది. పోనివ్వండి, మీ ఇల్లు, మీ ఇష్టం. నేను ఏదో అమ్మ మాట పట్టుకుని వేళ్ళాడుతున్నాను.

మేలో రావడం కుదరదు. ఇక్కడ ఆర్డర్లు ఉన్నాయి.

ఇట్లు,
మీ ఆడపడుచు

మార్చి 22

కండెమ్మకి,

‘వదినగారు’ ఎవరు? ‘మీరు’ ఎవరు? పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున కూడా నువ్వు నన్ను మీరు అనలేదు. ఉత్తరం చదివి నేను ముక్కున వేలేసుకుని కూర్చున్నాను.

టైంకీపరుగారు ముందే చెప్పేశారంటే ఆయన్ని ఏమనాలో తెలియడం లేదు. నీకు మేమే చెప్పాలనుకున్నాం, అందుకే నోరు కట్టుకున్నాను. సరే, బయటపడింది కాబట్టి దాచడం ఎందుకు. అవును, వస్తున్నారు. మొన్న నలుగురు వచ్చారు. అందరికీ అత్తయ్య గదే నచ్చింది. వెలుతురు బాగా వస్తోందట. ఒకాయన గోడ తట్టి చూసి, ఇంత గట్టి గోడలు ఇప్పుడెక్కడా కట్టడం లేదు అన్నాడు. ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి కదల్లేదు. ఇదంతా విని నువ్వు సంతోషిస్తావనుకున్నాను.

ఇందులో తప్పేముంది చెప్పు? తాళం వేసి ఉంచితే గదికి బూజు పడుతుంది. నలుగురూ చూస్తే దానికీ గౌరవమే. అత్తయ్య బతికుంటే ఆవిడే ముందు నిలబడి చూపించేది. నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని ఒంటికాలి మీద లేచి పోట్లాడు, ఎప్పటిలాగే. అంతేగాని ‘ఇట్లు’ అని రాయకు.

నీ మగ్గం మీద ఇంకెవరినీ నిలబెట్టలేదు.

నీ నోటికి ఇంకా సరిజోడే అయిన,
వదిన

మార్చి 30

వదినగారికి,

అమ్మ తనే ముందు నిలబడి చూపించేది అని రాశారు. ఈ ఒక్క మాట మీరు రాయకుండా ఉండాల్సింది. పుండు మీద కారం చల్లినట్టుంది.

అమ్మ ఆ ఇంటి గడప దాటి ఎక్కడా ఉండలేకపోయేది. ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి, గోడలు గట్టిగా ఉన్నాయని కొనేవాళ్ళు మెచ్చుకుంటున్నారని నాకు రాస్తే నేను సంతోషించాలా? హోటల్ వాళ్ళు ఆ గదిలో ఎవరినో పడుకోబెడతారు. లైన్లో ఇంకెవరూ అమ్మొద్దని కమిటీ చేత చెప్పించి, మనమే అమ్ముకుంటున్నాం. అన్నయ్య ఇలా చేస్తాడని నేను అనుకోలేదు. మీకు ఇబ్బందులేవైనా ఉంటే నాతో అనకూడదా? నేను పరాయిదాన్నా?

నా సంతకం కావాల్సి వస్తే కాగితాలు పంపండి. పెట్టి పంపిస్తాను. ఇక ఈ విషయం రాయకండి, చదవలేను.

కండె

ఏప్రిల్ 6

ఒసేయ్ పిచ్చి కండే,

ఎవరు అమ్ముతున్నారే ఇల్లు?

నీ ఉత్తరం అందగానే మీ అన్నయ్య ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. “నేనెప్పుడు చెప్పాను అమ్ముతున్నానని?” అన్నారు. టైంకీపరుగారు ఊరినుంచి తిరిగి వచ్చే ఉన్నారు కాబట్టి వెంటనే పిలిపించాను. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టాను.

జరిగింది ఇది. ఆ రోజు టైంకీపరుగారు బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. మీ అన్నయ్య కింద నిలబడ్డారు. బస్సు ఇంజను మోత. మోత వినిపిస్తే మన గొంతులు వాటంతటవే మూసుకుపోతాయి కదా, ఇద్దరూ పెదవులతోనే మాట్లాడుకున్నారు. “మీ ఇంట్లో సున్నాలు, హడావిడి, దేనికి?” అని ఈయన అడిగారు. మీ అన్నయ్య అన్నది: “అమ్మ గదికి. మనుషులొస్తున్నారు చూడ్డానికి.”

ఆయన చదువుకున్నది: “అమ్మకానికి. మనుషులొస్తున్నారు చూడ్డానికి.”

అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా రెండూ అని చూడు. నేను అన్నాను, క్యాంటీన్ అక్క అంది, టీచరమ్మని కూడా అనమన్నాం. పెదవి ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా కదులుతుంది. అదే మనమైతే చేయి కూడా తిప్పి చెప్పేవాళ్ళం. మీ అన్నయ్య రెండు చేతుల్లోనూ సంచులు ఉన్నాయట. టైంకీపరుగారేమో ఆఫీసు కిటికీలోంచి మనల్ని చూసి నేర్చుకున్న మనిషి. పాపం, ఆయన తల పట్టుకుని కూర్చుంటే క్యాంటీన్ అక్క రెండు టీలు పోసింది. తర్వాత అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. మీ అన్నయ్య తప్ప. “అది ఇన్నాళ్ళూ అలా అనుకుంటూ ఉందా” అని అదే మాట అంటున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. అప్పట్లో మిల్లు మనుషులు ఎలా బతికారో చూపించడానికి కమిటీకి ఒక ఇల్లు కావాలి. అత్తయ్య గది మేమేమీ మార్చలేదు, దుప్పట్ల బల్లతో సహా అలాగే ఉంది. దాన్ని చూపిద్దామని అనుకున్నాం. మొన్న వచ్చింది కమిటీ వాళ్ళూ, వాళ్ళ తాలూకు మనుషులూ, చూసి చెప్పడానికి. కానీ గది నీది. నిన్ను అడగకుండా టూరిస్టు ఒక్కడు కూడా లోపలికి రాకూడదని మీ అన్నయ్య తాళం చెవి జేబులో వేసుకుని తిరుగుతున్నారు. నువ్వు వద్దంటే వద్దు. బాయిలరు తాత ఇల్లు చూపిస్తాం. ఆయన ఇంట్లో కూడా మాట్లాడుతూనే ఉంటాడు, అదొక్కటే భయం.

పరాయిదానివా అని అడిగావు. దానికి జవాబు ఎదురుగా చెప్తాను, పెదవులతో కాదు, చేత్తో, నీ వీపు మీద.

నీ వదిన, ‘గారు’ లేకుండా

ఏప్రిల్ 13

వదినా,

అద్దం ముందు నిలబడి రెండూ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. మా ఆయన వచ్చి, పంటి నొప్పా అని అడిగాడు.

నవ్వాను, ఆ తర్వాత మిషను మీద తల పెట్టుకుని బాగా ఏడ్చాను. సిగ్గుగా ఉంది, హాయిగా కూడా ఉంది. అన్నయ్యకి నేనేమీ అనుకోలేదని చెప్పు. అనుకున్నదంతా ఇప్పుడు పోయిందని చెప్పు.

గది చూపించండి. అమ్మకి ఇంటికొచ్చినవాళ్ళంటే ఇష్టమే. కానీ నేను వచ్చినప్పుడు అక్కడే పడుకుంటాను. పొద్దున్న జనం వచ్చేసరికి లేవకపోతే నన్ను కూడా చూపించేసుకోండి.

మే నడకకి ఇద్దరం వస్తున్నాం.

కండె

మే 11

కండెమ్మకి,

మీరిద్దరూ వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఇక్కడ జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆదివారం షెడ్డులో నేను నీ ఎదుట నిలబడ్డాను. నా వెనక టూరిస్టులు, వాళ్ళ మధ్య అన్నయ్యగారు. మగ్గాలు రెండూ ఆడుతున్నాయి. నువ్వు ముందు అన్నీ సరిగ్గానే చెప్పావు. మేస్త్రి వస్తున్నాడన్నావు, పోగు తెగింది చూడమన్నావు. నేను వెనక్కి తిరిగి జనానికి గట్టిగా వివరించాను. తర్వాత నువ్వు చేతులు కిందికి దించి, నన్నే చూస్తూ, నెమ్మదిగా అన్నావు: “వదినా, నాకు వెళ్ళబుద్ధి కావడం లేదు. ఇక్కడే ఉండిపోవాలని ఉంది.”

నేను వెనక్కి తిరిగాను. జనం నా వైపు చూస్తున్నారు, ఏమందని. “టీకి వేళయిందంటోంది” అని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్యగారు అందరికన్నా గట్టిగా కొట్టారు. నువ్వు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మనిద్దరి మధ్యే ఉండిపోయిందనుకున్నాను.

ఉండిపోలేదు. షెడ్డు కిటికీల దగ్గర ఎవరు నిలబడ్డారో నువ్వు చూసుకోలేదు. లైన్లవాళ్ళంతా నిలబడ్డారు. వాళ్ళకి నువ్వు మైకు పెట్టి అరిచినట్టే. మీరు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే క్యాంటీన్ అక్క వచ్చి, “ఎదురిల్లు ఖాళీగానే ఉంది కదా” అంది. నేను ఏమీ తెలియనట్టు “ఎవరికి?” అన్నాను. “నాకు కళ్ళు బానే ఉన్నాయి” అంది. కాసేపటికి బాయిలరు తాత వచ్చి, కిటికీ తలుపుల కొలతలు తీసుకోవాలన్నాడు. టీచరమ్మ వచ్చి, వచ్చినవాళ్ళు షెడ్డులో నేసిన గుడ్డతో సంచులు కావాలని అడుగుతున్నారు, కుట్టేవాళ్ళు లేరు అంది, ఇంటి చూరు వైపు చూస్తూ. టైంకీపరుగారు కూడా వచ్చారు. తను చదివింది ఈసారి కరెక్టేనా అని నన్ను ముందు అడిగి, ఆ తర్వాతే లోపలికి వచ్చారు.

మీ అన్నయ్య పొద్దుటినుంచీ ఎదురింటి తలుపు దగ్గర కూర్చుని తుప్పు పట్టిన గొళ్ళేనికి నూనె పోస్తున్నారు.

నేను బలవంతపెట్టను. అన్నయ్యగారికి ఆ ఊరు అలవాటయింది, నీకు కొట్టు ఉంది. ఆయనకి ఆ మాట తెలియదు కదా. చెప్పాలో వద్దో నీకే వదిలేస్తున్నాను. కానీ నన్ను అడిగితే, రా.

ఎదురుచూస్తున్న,
వదిన

మే 20

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులేం కాలేదు, కానీ ఇంట్లో దాచిపెట్టుకుని తిరగడం కష్టంగానే ఉంది. మా ఆయనతో ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఆయనకి ఈ ఊళ్ళో స్నేహితులున్నారు, పొద్దున్నే వెళ్ళి కూర్చునే టీ కొట్టుంది. నా కోసం అవన్నీ వదులుకోమనడానికి నాకు నోరు రాలేదు. ఈసారి పెదవులు కూడా కదల్లేదు.

నిన్న రాత్రి అన్నం దగ్గర చెప్పేశాను. షెడ్డులో ఆ రోజు నేనన్నది టీ సంగతి కాదు, వేరే మాట అన్నాను. ఆయన తినడం ఆపలేదు. “అదేం మాటో నాకు తెలియదు. మీ భాష నాకు రాదు. కానీ నువ్వు దాన్ని అంటున్నప్పుడు నీ మొహం చూశాను” అన్నాడు.

మళ్ళీ కొంచెం కూర వేసుకుని, “ఊరినుంచి రాగానే మన కొట్టు ఓనరు దగ్గరికి వెళ్ళి ఖాళీ చేస్తున్నామని చెప్పేశాను. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను” అన్నాడు.

నీ,
కండె